నీరుకాకుల తిప్ప

కుంభినీపురం విడిచిన రత్నాంగదుడు కీకారణ్యాలు దాటాడు, నీటిచుక్క దొరకని చవిటినేలలు దాటాడు. తుదకు, దారి తానే అలసి చతికిలబడినట్లున్న ఒక కొండకొమ్మున నిలిచి పడమటి సముద్రాన్ని చూశాడు.

అది ద్రాక్షాచల సీమ. దప్పిగొన్న ఏనుగుల మంద పరుగున వచ్చి, నీటి అంచున ముందరికాళ్ళు మడిచి కూలబడినట్లు, నల్లని కొండలు వరుసగా సముద్రంలోకి తలలు వాల్చి ఉన్నాయి. వాటి వీపుల మీదా నడుముల మీదా మెట్లు మెట్లుగా తీర్చిన ద్రాక్షపందిళ్ళు. పందిళ్ళ నుండి కాటుక కరిగి గడ్డకట్టినట్లు వేలాడే మాగిన గుత్తులు. లోయలలో కణుజు దుప్పులు మోరలెత్తి గాలిని వాసన చూస్తున్నాయి. సెలయేరు కడలిలో కలిసే మొగలో మొసళ్ళు ఇసుకదిబ్బలలో ఇసుకదిబ్బలై పడి ఉన్నాయి. పొగమంచు తెరల నడుమ గూడబాతులు బారులు తీరి, ఎవరినో సాగనంపడానికి బయలుదేరిన బంధువుల వలె మందంగా ఎగురుతున్నాయి. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియని సీసపు రంగు ఆకాశం. కోతల కాలమైనా ఏ పందిరి కింద నుండీ ఒక్క పాట గాని, ఒక్క నవ్వు గాని వినిపించలేదు.

ఇంతటి చక్కదనాన్ని ఇంత దుఃఖంతో తడిపిన చేయి ఎవరిదో రత్నాంగదునికి తెలుసు. ఆ సీమకు దిగువన, శంఖకుహరమనే సముద్రగుహలో కాకోదరుడనే మాంత్రికుడు కాపురమున్నాడు. పందిళ్ళ వారి మొర విని, పోయిన కోతలకు రత్నాంగదుని అన్నగారు, యువరాజు సుధన్వుడు, ఒంటరిగా మారువేషాన వచ్చాడు. మరి తిరిగి రాలేదు. నాటి నుండి మహారాణి వసుమతీదేవి ప్రతి సంధ్యకూ కోటవాకిట కూర్చుంటుంది. చీకటి పడితే ఆమెను లోపలికి లేవదీయడం దాసీల తరం కాదు. "అమ్మా, అన్నగారిని ఈ వాకిట నిలబెడతాను" అని ఆమె పాదాలంటి చెప్పి వచ్చాడు చిన్న కుమారుడు. ఆ మాట తప్ప అతని వెంట సైన్యం లేదు. భుజాన గాజుల మలారం, మలారం మడతలలో ఒక బాకు, ఒంటి మీద గాజులసెట్టి వేషం, అంతే.

కొండ దిగుతూ, ఎండిన గొంతు తడుపుకొనడానికి ఒక పందిరి చివరి చాలులో చేయి పెట్టి గుత్తి తెంపాడు. గుత్తి నోటికి అందనే లేదు, పొదలు ఫెళ్ళున విరిగాయి. నల్లని కొండరాయి ఒకటి బొచ్చు మొలిచి లేచినట్లు ఎలుగుబంటి నిలువునా నిలబడి గర్జించింది. రత్నాంగదుడు బాకు కోసం మలారంలో చేయి దూర్చాడు. గాజులు గలగలమని పగిలాయి, బాకు చిక్కలేదు. ఎలుగు పంజా అతని తలపాగాను ఎగరగొట్టింది.

"ఆ గుత్తి కింద పడెయ్యి బాబూ! నీ అబ్బ సొమ్మేటది?" అని పై మెట్టు నుండి ఒక స్త్రీకంఠం ఖంగుమన్నది.

అతడు గుత్తి జారవిడిచి వెనుకకు ఉరికాడు. ఎలుగు తటాలున నాలుగుకాళ్ళ మీదికి వంగి, గుత్తిని వాసన చూసి, ఇంటి యజమాని భోజనానికి కూర్చున్నంత తీరికగా తినసాగింది.

పై నుండి దిగివచ్చిన స్త్రీ నడివయసుది, పొట్టిది, గట్టిది. చేత కొడవలి, నెత్తిన బుట్ట. మోకాళ్ళ వరకు ఆమె కాళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆ పందిళ్ళ వారికి పెద్దదిక్కు ఆమె, పేరు పోలెక్క.

"సివరి సాలు ఎలుగులది. మిగిలిందంతా మాది. మేం దాని జోలికెల్లం, అది మా జోలికి రాదు. మడుసులకంటే ఎలుగులే నయం బాబూ, ఇచ్చిన మాట మీద నిలబడతాయి" అన్నదామె, పగిలిన గాజులను కాలితో కదుపుతూ. "ఏటమ్ముతావు?"

"గాజులు, అక్కా. దేశదేశాలు తిరిగే గాజులసెట్టిని."

పోలెక్క అతని చేయి పట్టి తిప్పి చూసింది. "గాజులమ్మేవోడి బొటనేలికి వింటినారి కాయేటి? అబద్దమాడినా అతికినట్టుండాల." అంతలో ఆమె చూపు తలపాగా ఊడిన అతని ముఖం మీదికి వచ్చి ఆగిపోయింది. కంఠంలో వేళాకోళం అణగారింది. "పోయినేడు కోతలకి ఇలాటి మొకమే ఒకటొచ్చింది. ఆ బాబుకి నువ్వేటవుతావు?"

ఆ చూపు ముందు వేషం నిలవలేదు. "తమ్ముణ్ణి" అన్నాడు రత్నాంగదుడు.

ఆమె అతణ్ణి కొండ అంచుకు నడిపించి, కెరటాల నడుమ పాచిపట్టిన ఒక రాతితిప్పను చూపింది. తిప్ప నిండా నీరుకాకులు. మేఘం వంటి నలుపు, కొంకి వంటి ముక్కులు. తడిసిన రెక్కలు చాపి, కొరత వేసిన మనుషుల వలె కదలక మెదలక నిలిచి ఉన్నాయి. ప్రతి పక్షి మెడకూ ఒక ఇనుప కంటె. ప్రతి పక్షి కాలికీ ఒక సన్నని తాడు.

"అదిగో, మీ అన్న అక్కడున్నాడు. నా పెనిమిటి సన్నాసీ అక్కడే ఉన్నాడు. గుహలోకెల్లి దొరికినోడూ, ఊల్లో మాయమైనోడూ, పెతీ మగోడూ అక్కడే. ఆడు దేనికోసమో ఈల్ల సేత సముద్రం అడుగు దేవిస్తన్నాడు. ఆ కంటె ఉంటే సేప గొంతు దిగదు, ఆకలి తీరదు."

"వారిలో మా అన్నగారు ఎవరు?"

"ఏటని సెప్పను? నా మొగుణ్ణే ఆనమాలు పట్టలేకపోతన్నాను. మడిసిగా ఉన్నప్పుడూ నల్లోడే, ఇప్పుడూ నల్లోడే" అని ఆమె నవ్వబోయి, కొంగుతో ముఖం తుడుచుకొన్నది.

శంఖకుహరం లోపలికి ద్రాక్ష తొక్కే వారికి తప్ప ప్రవేశం లేదు. ప్రతి సాయంకాలమూ వారు కొత్త రసం కుండలతో మోసుకొనిపోయి మాంత్రికుని ముందు దించిరావాలి. దించకపోతే మరునాటికి ఒక ఇంటి మగవాడు మాయమవుతాడు. "అయితే నేనూ తొక్కుతాను" అన్నాడు రత్నాంగదుడు. పోలెక్క అతణ్ణి ఎగాదిగా చూసి, "మీ అన్నా ఇదే మాటన్నాడు" అని మాత్రం అన్నది.

రాతి తొట్టిలో ద్రాక్షలు గుట్టలుగా పోశారు. రాజకుమారుడు గోచీ బిగించి, మలారంలోని బాకును నడుము దట్టీలో దాచి, తాడు పట్టుకొని, పందిళ్ళ వారి నడుమ నిలిచి తొక్కాడు. చల్లని పండ్లు అరికాళ్ళ కింద చిట్లి, నల్లని రసం మోకాళ్ళకు ఎగబాకింది.

"మడమతో తొక్కు బాబూ, మునేళ్ళతో నాట్యమాడకు! రాజుగోరి కొలువనుకున్నావేటి?" అని ఒక ముసలివాడు ఎగతాళి చేశాడు. ఆ దినాన అక్కడ వినిపించిన నవ్వు అదొక్కటే. అదీ నీటిబుడగ వలె వెంటనే పేలిపోయింది. పొద్దు వాలేసరికి రత్నాంగదుని కాళ్ళు అందరి కాళ్ళ వలెనే నేరేడు రంగు తిరిగాయి.

కుండలు భుజాలకెత్తుకొని వారు బయలుదేరారు. కొండ చెక్కిన సన్నని బాట; ఒక పక్క గోడ, ఒక పక్క శూన్యం. కింద కెరటాలు గుహలలో దూరి గుండెలు బాదుకొంటున్నాయి. బాట మలుపులో గూడు కట్టిన సముద్రపు గద్ద ఒకటి రివ్వున దూకి ముందున్న ముసలివాని ముఖం మీద గోళ్ళు దింపింది. అతడు తూలాడు, కుండ పాతాళానికి పోయింది, మనిషీ పోవలసిందే. రత్నాంగదుడు ఒక చేత తన కుండను, ఒక చేత అతని మొలతాడును పట్టి గోడకు అదిమాడు. గద్ద రెండవమారు వచ్చింది. పోలెక్క కొడవలి విసురుకు ఒక రెక్కఈక గాలిలో తేలింది. అరిస్తే ఊపిరి చాలని బాట అది. కుండ పోయిన ముసలివాడు ఉసూరుమంటూ వెనుదిరిగాడు. తక్కినవారు ముందుకు సాగారు.

శంఖకుహర ద్వారం రత్నాంగదుడు అనుకొన్నట్లు భయంకరంగా లేదు. అదే దాని భయంకరత్వం. కడిగిన రాతి గడప, గడపకు పసుపు, ఇరుపక్కల దీపాలు. గడప పక్కన తళతళలాడే రాగి గంగాళం, దాని నిండా తేటనీరు, పైన ఒక చెంబు. పెద్దింటి వాకిలి ఎలా ఉండాలో అలాగే ఉన్నది. రసం మోసేవారు ఒక్కరొక్కరుగా గంగాళం వంక కన్నెత్తి చూడకుండా లోపలికి పోతున్నారు. చివరివాడు రత్నాంగదుడు.

అతని మనస్సు లోపల ఉన్నది. గుహ నడుమ సముద్రానికి తెరుచుకొన్న నీటిమడుగు, మడుగులో కట్టివేసిన ఒక దోనె, మడుగు చుట్టూ రాతిగట్టు, గట్టు మీద, తిప్ప నుండి సాయంకాలానికి లోపలికి చేర్చిన నీరుకాకులు గుంపుగా. వాటిలో ఒకటి రెక్క వాల్చి, తల ముడుచుకొని, తక్కినవాటికి ఎడంగా నిలిచి ఉన్నది. ఆ పక్షిని చూస్తూ చూస్తూనే అతడు కుండ దించాడు. చూస్తూ చూస్తూనే వంగాడు. ఊహ తెలిసిన నాటి నుండి ఏ గడప ముందర చేసిన పని ఆ గడప ముందరా చేశాడు. చెంబుతో నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కొన్నాడు.

నల్లని రసం పాయలు పాయలుగా గడప మీదికి పారింది. తెల్లని పాదాలు బయటపడ్డాయి.

"అయ్యో బాబూ!" అన్నది పోలెక్క.

ద్రాక్షాచల సీమలో కాలి రంగును అమ్మవారి పారాణి అంటారు. మొదటి గుత్తి తొక్కిన నాటి నుండి కడపటి గుత్తి తొక్కే నాటి వరకు ఆ కాళ్ళకు నీరు తగలనివ్వరు. పడకలోనూ పంక్తిలోనూ ఆ కాళ్ళే; కడిగినవాడు పరాయివాడే. ఇది వారికి ఎంత సహజమంటే, చెప్పవలసిన సంగతి అని పోలెక్కకు తోచలేదు; పోయినేడు సుధన్వుడు ఎలా పట్టుబడ్డాడో ముందు నడిచిన వారెవరూ చూడలేదు. కాళ్ళు కడగడం రత్నాంగదునికి ఎంత సహజమంటే, అడగవలసిన సంగతి అని అతనికీ తోచలేదు.

గుహాంతరంలో ఎవరో మెల్లగా చప్పట్లు చరిచారు. ఎత్తైన పీట మీద బక్కపలుచని వృద్ధుడొకడు కూర్చున్నాడు. పీట చుట్టూ రసపు కుండలు. మైనపు ముఖం, రెప్పవేయని కళ్ళు.

"రా నాయనా, రా. ఎంత చక్కని పెంపకం! మీ అన్నా ఇదే గడప ముందు, ఇదే చెంబుతో, ఇంతే శుభ్రంగా కడుక్కొన్నాడు. వసుమతీదేవి కొడుకులకు కత్తిసాము నేర్పిందో లేదో గాని మర్యాద మాత్రం లోటులేకుండా నేర్పింది" అన్నాడు కాకోదరుడు. "పీతలారా, అతిథి వచ్చాడు."

గడపరాళ్ళు కదిలాయి. రాళ్ళు కావవి, దున్నపోతంత పీతలు. ఇనుపతలుపుల వంటి డెక్కలు టకటకలాడిస్తూ ఇరుపక్కల నుండి అవి అతని మీదికి పాకివచ్చాయి. మోసేవారు చెల్లాచెదరుగా గోడలకు అంటుకొన్నారు. మొదటి డెక్క అతని చీలమండను గీరింది. రత్నాంగదుడు కుండ ఎత్తి దాని కళ్ళ మీద బద్దలు కొట్టాడు. రెండవది అతని దట్టీ పట్టి లాగింది. దట్టీ చినిగింది, దట్టీలోని బాకు చేతికి వచ్చింది. ఒక పీత డిప్ప మీదికి ఎక్కి, దాని మీద నుండి రెండవదాని మీదికి గంతువేసి, మూడవ గంతుకు పీట ముందు వాలి, కాకోదరుని గుండెలలో బాకు పిడి వరకు దించాడు.

రక్తం రాలేదు. తడి ఇసుకలో గుచ్చినట్లు బాకు దిగింది. తీస్తే, తడి ఇసుక పూడుకొన్నట్లు గాయం పూడుకొన్నది.

"శ్రమపడకు నాయనా" అన్నాడు మాంత్రికుడు, విసుగ్గా. "నా ప్రాణం నా దగ్గర లేదు. మా గురువు కోపించి దాన్ని ఒక శంఖంలో బిగించి ఈ మడుగులో విసిరాడు. ప్రాణం లేని ఒళ్ళు కుళ్ళకుండా రోజూ ఈ రసంతో తడపాలి. ఇంత రసం తాగుతాను గదా, తీపో పులుపో నాకు తెలియదు. ఆ శంఖం తెచ్చే పక్షి కోసం ఎన్నో ఏళ్ళుగా ఈ గట్టు మీద కూర్చున్నాను."

రత్నాంగదుని చూపు రెక్క వాలిన పక్షి మీదికి పోయింది. దాని కంటె కింద మెడ ఒరుసుకొనిపోయి, ఈకలు రాలి ఉన్నది.

"అవును, అదే మీ అన్న. మంచి ఈతగాడు. కాని అలసిపోయాడు, ఈ ఏడు చలికి నిలవడు" అన్నాడు కాకోదరుడు. "చచ్చిన పక్షి నాకెందుకు? ఈ మంత్రానికి ఒక నియమం ఉన్నది: కంటె ఖాళీగా ఉండరాదు. దాని కోసం ఒక మెడ తనంత తాను వంగితే, పాత మెడను విడవక తప్పదు. నువ్వు వయసులో ఉన్నావు. ఊపిరి గట్టిది."

"నా మెడ తీసుకో!" అంటూ పోలెక్క ముందుకు ఉరికింది. "నా సన్నాసిని ఒగ్గీ, నా మెడ తీసుకో!"

"నీ మెడ తీసుకొంటే రసం ఎవరు తెస్తారే? పక్కకు తప్పుకో."

రత్నాంగదుడు ఎక్కువ ఆలోచించలేదు. బాకును మడుగులోకి విసిరివేశాడు. "మా అన్నగారిని ఈమె ఆ దోనెలో ఒడ్డుకు చేర్చాలి. కొండ దాటేవరకు నీ జంతువు గాని, నీ మాయ గాని ఆయన వంక చూడరాదు. ఆ మేరకు ప్రమాణం చెయ్యి."

"నా మంత్రం మీద ప్రమాణం."

రాజకుమారుడు మోకరిల్లి మెడ వంచాడు. చల్లని ఇనుము తగిలింది. ఎముకలు లోపలికి ముడుచుకొన్నాయి. చర్మం చీల్చుకొని ఈకలు మొలిచాయి. గుహ ఒక్కసారిగా ఆకాశమంత ఎత్తయింది. అరవబోయాడు, గొంతులో నుండి ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది.

గట్టు మీద, వాలిన రెక్క ఉన్న చోట, ఎముకల గూడు వంటి మనిషి ఒకడు వణుకుతూ లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగిన ఆ ముఖాన్ని తల్లి తప్ప మరొకరు గుర్తించలేరు. పోలెక్క తన పైట చెరగు అతనికి కప్పి, భుజం కింద చేయి వేసింది.

"తమ్ముడి గొంతు విన్నాను" అన్నాడు సుధన్వుడు, మాట మరిచిన నాలుకతో. "రత్నాంగదుడు ఏడి? ఇప్పుడే ఇక్కడ మాటాడాడు. అక్కా, వాడేడి?"

పోలెక్క నల్లని పక్షుల గుంపు వంక చూసి, చూపు మరల్చుకొన్నది. "నడు బాబూ. పడవలో సెప్తాను."

ఆ గుంపులో ఒక పక్షి రెక్కలు కొట్టుకొన్నది. ఎన్ని పక్షులు కొట్టుకోవడం లేదు! సుధన్వుని చూపు దాని మీదుగా జారి వెళ్ళిపోయింది. దోనె తెడ్డు చప్పుడు గుహ మొగ దాటి, కెరటాల హోరులో కలిసింది.

"ఇక నీ పని" అంటూ కాకోదరుడు కొత్త పక్షి కాలికి మరింత పొడుగు తాడు ముడివేసి మడుగులోకి తోశాడు.

నీరు మంచు. మొదట ఆకుపచ్చ, తరువాత నీలం, తరువాత నలుపు. చేపలు వెండిముక్కలై ముక్కు ముందే మెరిసిపోతుంటే ఆకలి అతని పేగులను మెలిపెట్టింది. అన్న ఒక ఏడాది పొడుగునా పడిన ఆకలి అది. అతడు చేపలను విడిచి, ఎలాగూ వెదకవలసినదే గదా అని, తక్కిన పక్షుల తాళ్ళు ఆగిన లోతును దాటి, చెవులు పగిలే లోతుకు, తాను విసిరిన బాకు జారిపడిన బండ సందు వరకు దిగాడు. బాకు మొన పాచిని చీల్చిన చోట ఏదో తెల్లగా కనిపించింది.

శంఖం. రేగుపండంతటిది. ముక్కున పట్టగానే అది వెచ్చగా ఉన్నది. పిట్టగుండె వలె టపటపమని కొట్టుకొంటున్నది.

అప్పుడే కాలి తాడు బిగిసింది. పైన గట్టు మీద ఆ రెప్పవేయని కళ్ళు తాడు బరువును పసిగట్టాయి కాబోలు, లాగుడు మొదలయింది. విడిచిపెడితే రేపు మరొక పక్షికి దొరుకుతుంది. మింగి దాచుకోవడానికి మెడలో కంటె ఉన్నది. పైకి పోతే వాని ప్రాణం వానికి చేరుతుంది; ఈ నీటి నుండి ఇక ఎవరికీ విముక్తి లేదు. తాడు అతణ్ణి నలుపులో నుండి నీలంలోకి లాగింది. తలపైన, దూరంగా, అన్న దోనె అడుగుభాగం చీకటి గీతై ఒడ్డు వైపు సాగిపోతున్నది.

రత్నాంగదుడు రెక్కలతో బండకొనను కావలించుకొని, శంఖాన్ని ముక్కుతో నొక్కాడు.

తాడు ఆగింది.

మరింత గట్టిగా నొక్కాడు. శంఖంలోని గుండె తడబడింది; నీటి పై నుండి, ఎంతో ఎత్తు నుండి, ఒక ముసలి కేక మసకగా దిగివచ్చింది. తాడు వదులైంది, మరల పిచ్చిగా బిగిసింది, మరల వదులైంది. శంఖం పెంకు మీద వెంట్రుకవాసి బీట కనిపించింది. కాని అతని రొమ్ములో నిప్పులు రాజుకొన్నాయి. కళ్ళ ముందు ఆకుపచ్చ మిణుగురులు రేగాయి. నీటి కింద ఒక ఊపిరి, నీటి పైన ఒక ప్రాణం. ఏది ముందు విడిచిపోతే రెండవది మిగులుతుంది.

అతడు కళ్ళు మూసుకొని, ముక్కు బిగించాడు.